సమ్మతి మీద పన్నెండు వారాల పాఠం, సమ్మతికి ఒక టిక్కు

ముందు ఈ ఆన్‌లైన్ కోర్సుకు నా రేటింగ్ చెప్పేస్తాను: 5కి 3.5. మిగతా ఒకటిన్నర ఎందుకు కోశానో చెప్పబోతేనే రివ్యూ ఇంత పొడుగైంది.

కోర్సు పేరు, నడిపేవాళ్ల పేరు రాయడం లేదు. నా ఫిర్యాదు ఇంకా వాళ్ల దగ్గర నడుస్తోంది, ఈలోగా పేరు పెట్టి బజారున పడేయడం బాగుండదు. విషయం మాత్రం ఇది: మూలవాసీ ప్రజల హక్కులు, వాళ్ల జ్ఞానం, అభివృద్ధి. ఆన్‌లైన్‌లో 12 వారాలు. వారానికి నాలుగైదు వీడియోలు, చదువుకోవడానికి కాస్త మెటీరియల్, ఒక క్విజ్. ఇవి కాక రెండు అసైన్‌మెంట్లు. ఇలాంటి కోర్సులు ఇంకా కొన్ని ఉన్నాయి, అచ్చు దాదాపు ఒకటే. కాబట్టి మీరు చేరేది వేరే కోర్సైనా ఇందులో కొంత పనికొస్తుంది.

నేను అనువాదకురాలిని. 14 ఏళ్లుగా ప్రాజెక్టు నివేదికల సారాంశాలు తెలుగులోకి మారుస్తుంటాను. గనులు, డ్యాములు, కరెంటు లైన్లు, రోడ్లు. "ప్రభావిత ప్రజలను సంప్రదించడమైనది" అన్న వాక్యం నా వేళ్లకు కంఠతా వచ్చేసింది, కళ్లు మూసుకునైనా కొట్టగలను. ఆ వాక్యం వెనక ఏముందో ఒకసారి సరిగ్గా తెలుసుకుందామని చేరాను. సర్టిఫికెట్ మీద మోజేం లేదు.

మొదటి రెండు వారాలు చరిత్ర. ఆ భాగానికి వంక పెట్టలేను. 1923లో హౌడెనోసౌనీ ప్రజల తరఫున డెస్కాహే అనే పెద్దాయన కెనడా నుంచి జెనీవా వెళ్లాడు. ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితిలో తమ మాట వినిపించాలని ఏడాదికి పైగా అక్కడే కూర్చున్నాడు. మాట్లాడనివ్వలేదు. 1925లో చనిపోయాడు. అదే ఏడాది న్యూజీలాండ్ నుంచి మావోరీ నాయకుడు రాటానా వెళ్లాడు, ఆయనకూ అదే సత్కారం. అదే జెనీవాలో మూలవాసుల కోసం ఐక్యరాజ్యసమితి ఒక కార్యబృందాన్ని పెట్టింది 1982లో. వాళ్ల హక్కుల ప్రకటన సర్వసభ్య సభలో గట్టెక్కింది 2007 సెప్టెంబరు 13న. 144 ఓట్లు అనుకూలం, 4 వ్యతిరేకం, 11 తటస్థం. ఆ నాలుగూ ఏవో ఊహించడం కష్టం కాదు: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్. 2010 ముగిసేలోపు నాలుగూ మనసు మార్చుకున్నాయి. పాఠం చెప్పినావిడ ఈ తేదీలను గోడ మీద మేకుల్లా కొట్టుకుంటూ పోకుండా, డెస్కాహే కూర్చున్న ఏడాదంతా మనల్ని కూడా కూర్చోబెట్టి చూపిస్తుంది. డబ్బు పెట్టినందుకు అక్కడే కొంత గిట్టింది.

మన దేశం గురించి ఇందులో ఒక చిన్న ముక్క వస్తుంది. ప్రకటనకు భారత్ అనుకూలంగానే ఓటేసింది. కానీ స్వాతంత్ర్యం వచ్చాక మా దేశ ప్రజలంతా మూలవాసులే అన్నది ప్రభుత్వ వైఖరి. అందరూ మూలవాసులే అయితే ఆ ప్రకటన ఇక్కడ ఎవరికి వర్తిస్తుంది? వీడియోలో ఈ ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండా తర్వాతి స్లైడుకు వెళ్లిపోయారు. ఇంకాస్త ఆగాల్సింది.

మూడో వారం కోసమే ఈ కోర్సు చేయొచ్చు. ఇంగ్లీషులో ఎఫ్‌పీఐసీ అని ఒక పొట్టి పేరు ఉంది. స్వేచ్ఛగా, ముందుగా, అన్నీ తెలిసి అన్నవి మొదటి మూడు అక్షరాలు. చివరి సీ దగ్గరే అసలు కథ. అది సమ్మతా, సంప్రదింపా? ఇంగ్లీషులో రెండూ సీతోనే మొదలవుతాయి. ప్రపంచ బ్యాంకు 2005 విధానంలో ఆ సీ సంప్రదింపు. అంటే వచ్చి అడుగుతారు, మీరు చెప్తారు, వాళ్లు రాసుకుంటారు. కొత్త విధానం 2018లో అమల్లోకి వచ్చాక కొన్ని సందర్భాల్లో అది సమ్మతి అయింది. అక్షరం మారలేదు, పొట్టి పేరు మారలేదు, ఊరివాళ్లకు కాదనే అవకాశం మాత్రం మధ్యలో వచ్చి కూర్చుంది. ప్రకటనలోని 32వ అధికరణం ఇంకో మెలిక పెడుతుంది: సమ్మతి పొందడం కోసం సంప్రదించాలి అంటుంది. పొందలేకపోతే ఏమిటన్న దాని మీద వాదనలు ఇప్పటికీ నడుస్తున్నాయి. సరామకా ప్రజలు సురినామ్ దేశం మీద వేసిన కేసులో 2007లో అమెరికా ఖండపు మానవ హక్కుల కోర్టు, ప్రాజెక్టు పెద్దదై ప్రభావం భారీగా ఉంటే సమ్మతి తప్పదని తేల్చింది.

ఆ రాత్రి నా పాత ఫైళ్లు తెరిచాను. ఒక నివేదికలో రెండో పేజీలో "సంప్రదింపు" అని ఉంది, ఏడో పేజీలో "అంగీకారం" అని ఉంది. ఇంగ్లీషు మూలం తీసి పక్కన పెట్టుకున్నా. రెండు చోట్లా ఒకటే మాట, సంప్రదింపు. మరి ఏడో పేజీలో నేనెందుకు మార్చాను? ఎవరూ చెప్పలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. ఒకే మాట పదేపదే వస్తే చదవడానికి బాగుండదని మార్చి ఉంటాను. పునరుక్తి దోషమని బళ్లో నేర్పారుగా. ఆ శైలి కోసం ఒక ఊరి మొత్తం చేత ఒప్పుకున్నామనిపించాను. ఆ కాగితం ఎవరైనా చదివారో లేదో తెలియదు. చదవలేదనే అనుకుంటున్నాను, ఆశ కొద్దీ.

ఇక తెలుగు సబ్‌టైటిల్స్ సంగతి. కోర్సు పేజీలో "తెలుగు అందుబాటులో ఉంది" అని రాశారు. ఉంది, మెషీన్ తెలుగు. కెనడాలో ఒక్కో మూలవాసీ సముదాయాన్ని బ్యాండ్ అంటారు. కింద "వాద్య బృందం" అని వచ్చింది. "ఈ నదీ తీరంలో ఏడు వాద్య బృందాలు నివసిస్తున్నాయి." భూమి మీద వాళ్లకున్న హక్కును చట్టం భాషలో టైటిల్ అంటారు. అది "ఆదిమ శీర్షిక" అయింది. "తమ శీర్షికను వారు ఎన్నడూ వదులుకోలేదు." అమెరికాలో వాళ్లకు కేటాయించిన నేలను రిజర్వేషన్ అంటారు, సబ్‌టైటిల్ కూడా ఆ మాటను అలాగే వదిలేసింది. దాంతో "ఆయన రిజర్వేషన్‌లో పుట్టి పెరిగాడు" అన్న వాక్యం మనవాళ్లకు ఎలా వినపడుతుందో చెప్పక్కర్లేదు. పెద్దలు అనాల్సిన చోటల్లా "వృద్ధులు". మూలవాసీ అనాల్సిన చోటల్లా "స్వదేశీ ప్రజలు", ఖద్దరు కట్టుకున్నట్టు. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి నవ్వుకుని ఊరుకున్నా. తెలుగు ఉందని నమ్మి చేరినవాళ్ల గతి ఏమిటి? దీనికి అర పాయింటు కోశాను.

నాలుగో వారంలో కోర్టు కేసులు. ఆస్ట్రేలియాలో ఎవరిదీ కాని నేల అన్న కల్పనను కొట్టేసిన మాబో తీర్పు, 1992 జూన్ 3. ఎడ్డీ మాబో ఆ జనవరిలోనే పోయాడు. తర్వాత కెనడాలో డెల్గముక్ కేసు. దాని దగ్గర వీడియో ఆపి వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. బ్రిటిష్ కొలంబియాలో గిట్‌క్సాన్, వెట్సువెటెన్ ప్రజలు తమ నేల తమదేనని నిరూపించాలి. కాగితాలు లేవు, వంశగాథలూ పాటలూ ఉన్నాయి. మేరీ జాన్సన్ అనే గిట్‌క్సాన్ పెద్దావిడ సాక్ష్యం చెప్తూ తమ ఇంటి గాథలోని పాట పాడాలంది. కోర్టులో పాడటమేమిటని జడ్జి నసిగాడు, తన చెవికి పాట ఎక్కదని కూడా అన్నాడు. ఆవిడ పాడింది. 1991లో ఆ జడ్జి కేసు కొట్టేశాడు. 1997 డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, నోటి చరిత్రకు ఇవ్వాల్సిన విలువ ఇవ్వాలంది, మళ్లీ విచారించమంది. పాట దస్తావేజు కావచ్చన్నమాట. ఈ పాట సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

అదే వారంలో ఒడిశాలోని నియమగిరికి నాలుగు నిమిషాలిచ్చారు. నాలుగంటే నాలుగే. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది, ఆ జులై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు కూర్చున్నాయి, 12కు 12 బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. సమ్మతి గురించి మూడు వారాలు చెప్పినవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? 1997 సమతా తీర్పు ఊసే లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులివ్వడం మీద అంత గట్టి తీర్పు వచ్చింది మన దగ్గరే. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించమంటుంది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలంటుంది. పదిహేడేళ్లలో మాట ఎలా మారిందో చూడండి. మూడో వారం పాఠం మొత్తం ఈ రెండు చట్టాల మధ్యే ఉంది, వాళ్లు చూసుకోలేదు.

అభివృద్ధి మీద ఐదు, ఆరు వారాలు తేలిపోయాయి. స్లైడ్లు, బాణాలు, వృత్తాలు. దాటేస్తున్నా. ఒక్క సంగతి చెప్పాలి కాబట్టి చెప్తాను. క్విజ్‌లో ఒక ప్రశ్న: ప్రపంచ జీవవైవిధ్యంలో ఎంత శాతం మూలవాసుల నేలల్లో ఉంది? వాళ్ల ప్రకారం సరైన జవాబు 80. ఈ 80 శాతం అనే అంకె ఎన్నో నివేదికల్లో కనిపిస్తుంది, నేనే మూడు నాలుగుసార్లు తెలుగు చేసి ఉంటాను. దానికి ఆధారమే లేదని 2024లో నేచర్ పత్రికలో పరిశోధకులు రాశారు, అలాంటి అంకె మూలవాసుల పక్షాన మాట్లాడేవాళ్ల మాటకే చేటు తెస్తుందని కూడా చెప్పారు. "ఆధారం లేదు" అన్న ఆప్షన్ క్విజ్‌లో లేదు. కావాలనే తప్పు జవాబు పెట్టి, ఒక మార్కు పోగొట్టుకుని, ఫీడ్‌బ్యాక్‌లో రాశాను. "నిజమే, తర్వాతి బ్యాచ్‌కు మారుస్తాం" అని ట్యూటర్ నుంచి జవాబొచ్చింది. మార్కు మాత్రం వెయ్యలేదు.

ఏడు, ఎనిమిది వారాలు జ్ఞానం గురించి. మళ్లీ మంచి పాఠాలు. అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే హవసుపాయ్ ప్రజలు మధుమేహం మీద పరిశోధన అంటే రక్తమిచ్చారు. వాళ్లలో షుగరు చాలా ఎక్కువ, కారణం తెలిస్తే మంచిదే కదా అనుకున్నారు. ఆ రక్తంతోనే మానసిక వ్యాధుల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారన్న దాని మీద కూడా పరీక్షలు చేశారు. తాము ఆ లోయలోనే పుట్టామన్నది వాళ్ల నమ్మకం. 2010లో రాజీ కుదిరింది: 41 మందికి కలిపి 7 లక్షల డాలర్లు, మిగిలిన రక్తం నమూనాలు వెనక్కి. ఇంకోటి హూడియా. కలహారి ఎడారిలో వేటకు వెళ్లినప్పుడు ఆకలి తెలియకుండా శాన్ ప్రజలు నమిలే మొక్క. వాళ్లకు చెప్పకుండానే దాని మీద పేటెంటు తీసుకున్నారు. గొడవయ్యాక 2003లో లాభం పంచుకునే ఒప్పందం జరిగింది, మందు మాత్రం ఆశించినట్టు బజారుకు రాలేదు. పంచుకోవడానికి లాభమేదీ? ఆ శాన్ ప్రజలే 2017లో పరిశోధకులకు తమ నియమావళి తామే రాసి ఇచ్చారు. డేటా విషయంలో కేర్ సూత్రాలు 2019లో వచ్చాయి: లాభం సముదాయానికి దక్కాలి, అదుపు సముదాయానిదే, బాధ్యత, నైతికత. జీవవనరుల పేటెంట్ల మీద 2024 మేలో కుదిరిన కొత్త ఒప్పందం ఇందులో లేదు, వీడియోలు అంతకుముందే తీసినట్టున్నారు. ఫర్వాలేదు.

తొమ్మిదో వారంలో రెండో అసైన్‌మెంటు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: మీకు పరిచయమున్న సముదాయంలో ఒక పెద్ద దగ్గర పాటో, కథో, మొక్కల గురించిన తెలివిడో పది నిమిషాలు రికార్డు చేసి అప్‌లోడ్ చేయండి. ఆడియోకి 50లో 20 మార్కులు. ఆదివారం అర్ధరాత్రి లోపు. అప్‌లోడ్ బటన్ కింద చిన్న చెక్ బాక్స్, "నేను సమ్మతిస్తున్నాను" అని. దేనికి? పక్కనున్న లింకు నొక్కితే తొమ్మిది పేజీల నిబంధనలు. నాలుగో పేజీలో ఉంది: అప్‌లోడ్ చేసిన దేన్నైనా ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా, ఎవరికీ ఏమీ చెల్లించకుండా వాడుకోవచ్చు, ఇతరులకు ఆ హక్కు ఇవ్వనూ వచ్చు. ఇలాంటి వాక్యాలు తెలుగు చేయడం నా బతుకుతెరువు కాబట్టి ఆగి చదివాను. నాతోపాటు చేరినవాళ్లలో ఎంతమంది చదివి ఉంటారు?

నాకు పరిచయమున్న అవ్వ ఒకావిడ ఉంది, ఏళ్ల కింద పని మీద ఒక కొండ ఊరికి వెళ్లినప్పుడు పరిచయం. తెలుగు ఆవిడకు రెండో భాష. మనవడి ఫోన్‌కి చేశాను.

"అవ్వా, అప్పుడు విత్తనాల వేళ పాడావే ఒక పాట, అది రికార్డు చేసుకోవచ్చా? చదువు కోసం."

"అది నాది కాదే తల్లీ. మా పెద్దకోడలి పుట్టింటోళ్లది. వాళ్లనడగాల."

"సరే, అడిగి చెప్పు."

"ఎవరింటారు?"

"చాలామంది వింటారవ్వా. వేరే దేశాలోళ్లు కూడా."

"ఇన్నాక ఇచ్చేస్తారా?"

నిబంధనల్లో నాలుగో పేజీ నా ముందే తెరిచి ఉంది. "ఇవ్వరు. వాళ్ల దగ్గరే ఉంటుంది."

"ఎన్నాళ్లు?"

"ఎప్పటికీ."

"నేను పోయాక కూడానా?" అని నవ్వింది. "అడిగి చెప్తాలే. కోడలి అన్న ఊళ్లో లేడు, బేస్తవారం వస్తాడు."

బేస్తవారం అంటే గడువు దాటి నాలుగు రోజులకు. ముందుగా, స్వేచ్ఛగా, అన్నీ తెలిసి అని ఎనిమిది వారాలు నేర్పినవాళ్లు ఒక పాట ఎవరిదో కనుక్కోవడానికి ఆరు రోజులిచ్చారు. సపోర్టుకు మెయిల్ పెట్టాను: రేపు వాళ్లు తీసేయమంటే తీసేస్తారా? తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. తోటి విద్యార్థులు అప్పటికే డౌన్‌లోడ్ చేసుకుని ఉండొచ్చు, వాటికి తమ పూచీ లేదు. గడువు పొడిగించడం కుదరదు.

ఆదివారం రాత్రి ఆడియో లేకుండా, ఎందుకు లేదో నాలుగు పేజీలు రాసి పెట్టాను. బేస్తవారం మనవడు ఫోన్ చేసి, వద్దన్నారని చెప్పాడు. కారణం నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

అసైన్‌మెంట్లు దిద్దేది తోటి విద్యార్థులే, ఒక్కొక్కరికి ముగ్గురు. ఆడియో భాగానికి ఒకరు సున్నా వేసి "సూచనలు పాటించలేదు" అని రాశారు. ఒకరు పది వేసి ఏమీ రాయలేదు. మూడో ఆవిడ ఇరవైకి ఇరవై వేసింది. తానూ అలాంటి సముదాయంలోనే పుట్టానని, వాళ్ల నాయనమ్మ మాటలు ఉన్న ఫైలు అప్‌లోడ్ బటన్ దాకా తీసుకెళ్లి ఆగిపోయానని రాసింది. సగటు పది. ఈ కోర్సులో నాకు దొరికిన ఒకే ఒక్క క్లాస్‌మేట్ ఆవిడే, పేరు కూడా కనిపించదు.

అంటే కోతల లెక్క ఇదీ: సబ్‌టైటిల్స్‌కి అర, ఆ చెక్ బాక్స్‌కి ఒకటి. నియమగిరికి కూడా కోయాలనుకున్నా కానీ మూడో వారాన్ని తలుచుకుని వదిలేశాను. నాలాగా కాగితాల పని చేసేవాళ్లు, ఎన్జీవోల్లో మినిట్స్ రాసేవాళ్లు, సర్వేలకు వెళ్లేవాళ్లు మొదటి నాలుగు వారాలూ, ఏడూ ఎనిమిదీ చేయండి. వాటికి సర్టిఫికెట్ ఫీజు కట్టక్కర్లేదు, ఊరికే చూడొచ్చు. ఐదూ ఆరూ 1.5 స్పీడులో పెట్టుకోండి. తెలుగు సబ్‌టైటిల్స్ మాత్రం ఆపేయండి. ఆదివాసీ యువకులెవరైనా చేరితే అసైన్‌మెంట్ బటన్ నొక్కేముందు ఆ నాలుగో పేజీ చదవండి.

మొన్న అవ్వకు ఫోన్ చేశాను, ఊరికే.

"నీ చదువేమైంది? మార్కులు పోయాయా?"

"పది పోయాయవ్వా."

"ఎన్నిటికి?"

"యాభైకి."

"పాసే కదే. మరేంటి?"

పోయిన వారం సపోర్టు నుంచి మెయిల్ వచ్చింది: తర్వాతి బ్యాచ్ నుంచి ఆడియో తప్పనిసరి కాదట, ఫిర్యాదులోని మిగతా అంశాలు పరిశీలనలో ఉన్నాయట. నాలుగో పేజీలో ఆ వాక్యం నిన్న చూశాను, అలాగే ఉంది.